తమిళ సిద్ధుల రసవాద వాఙ్మయమున ద్రవ్యభావన : ‘కట్టు’ అను పరిభాషపై విచారణ

తమిళమున ‘వాదం’ అను పదమునకు రెండు మూలములు కలవు. ఒకటి సంస్కృతమునందలి ‘వాత’ శబ్దము. అది దేహమునందలి వాయుదోషమును తెలుపును. రెండవది ‘రసవాద’మునందలి ‘వాద’ శబ్దము. అది లోహపాషాణములను మార్చు విద్యను తెలుపును. తమిళలిపియందు తకార దకారములకు వేర్వేరు అక్షరములు లేవు గనుక ఈ రెండును ఒకే రీతిగ వ్రాయబడును. తాళపత్రమున ఈ మాట కనబడినపుడు ఒకడు వాయురోగమనియు, వేరొకడు స్వర్ణవిద్యయనియు గ్రహించుటకు వీలున్నది. సిద్ధుల గ్రంథములను చదువువారికి ఈ సందిగ్ధత అడుగడుగునను ఎదురగును. ఏలయన వాటియందు వైద్యమును వాదమును ఒకే పొయ్యిపై సాగుచుండును. రోగికి అనుపానముతో నీయవలసిన సిందూరమే, మరి రెండు పద్యములు గడచిన పిదప, రాగిని వేధించుటకు వినియోగింపబడును.

ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఒక్క ప్రశ్న. ఈ వాఙ్మయమును రచించినవారి దృష్టిలో ద్రవ్యమనగా నేమి? అది మారినదని వారెప్పుడు చెప్పుదురు? ఇదివరలో ఈ గ్రంథములను పరిశీలించినవారు రెండు త్రోవలు పట్టిరి. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ 1902, 1909 సంవత్సరములలో రెండు సంపుటములుగ వెలువరించిన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర చూపిన మార్గమున కొందరు వీటియందు ఆధునిక రసాయనశాస్త్రపు తొలి మొలకలను వెదకిరి. మరికొందరు పాదరసము శివుని వీర్యము, గంధకము శక్తి రజస్సు అను పురాణకల్పనను ఆధారముగ గొని, సర్వమును యోగరహస్యములకు సంకేతమని తలచిరి. మొదటివారికి మంత్రములును పూర్ణిమారాత్రులును అడ్డు వచ్చును. రెండవవారికి పిడకల లెక్క అడ్డు వచ్చును. కుండలినిని మేల్కొలుపుటకు ఏబది పిడకలును, మట్టి పూసిన గుడ్డ ఏడు చుట్లును ఎందులకో వారు చెప్పజాలరు. కమిల్ జ్వెలెబిల్ 1973లో సిద్ధకవులను గూర్చియు, డేవిడ్ వైట్ 1996లో రసవిద్యకును హఠయోగమునకును గల పొత్తును గూర్చియు వ్రాసిన గ్రంథములు ఈ రెండు త్రోవలను కొంతవరకు కలిపినవి. అయినను తమిళ గ్రంథములు స్వయముగ ఏ మాటతో ద్రవ్యపరిణామమును కొలుచుచున్నవో ఆ మాటపై నిలిచి చూచుట అవసరమని మా యభిప్రాయము. ఆ మాట ‘కట్టు’.

ముందుగ గ్రంథములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. సిద్ధులు పదునెనమండుగురని వాడుక. కాని ఆ పదునెనిమిది పేర్లు ఒక పట్టికయందున్నట్లు మరియొక పట్టికయందుండవు. అగస్త్యుడు, తిరుమూలర్, బోగర్, కొంగణర్, కరువూరార్, కోరక్కర్, సట్టైముని, రామదేవర్ మున్నగువారి పేర్లు తరచుగ కనబడును. గ్రంథనామములు చాలవరకు పద్యసంఖ్యతో కూడియుండును. ‘బోగర్ ఏడువేలు’ అనునది అందు ప్రసిద్ధము. పద్యములు విరుత్తములు; భాష జనవ్యవహారమునకు సమీపము. అగస్త్యుడు శిష్యుడైన పులస్త్యుని సంబోధించి చెప్పినట్లు కొన్నియుండును. ‘విను’, ‘చూడు’ అను క్రియలతో పాదములు ముగియుచుండుటచే గురువు పొయ్యి ప్రక్కన కూర్చుండి చెప్పుచున్నట్లే తోచును.

వీటి ప్రాచీనతను గూర్చి అతిశయోక్తులు పెక్కు కలవు. 1921లో మద్రాసు ప్రభుత్వము నియమించిన ఉస్మాన్ సంఘము 1923లో దేశీయవైద్యములపై నివేదిక సమర్పించిన కాలమునుండి సిద్ధవైద్యము తమిళ స్వాభిమానముతో ముడిపడెను. దానితోపాటు ఈ గ్రంథములు వేలయేండ్ల నాటివను వాదమును బలపడెను. ఈ సంబంధమును రిచర్డ్ వైస్ 2009లో ప్రకటించిన గ్రంథమున విపులముగ చర్చించెను. గ్రంథస్థములైన ఆధారములు మాత్రము వేరు కథ చెప్పుచున్నవి. అగస్త్యుని పేర వెలసిన వైద్యగ్రంథములలో పరంగి రోగమును, దానికి మందైన పరంగిచెక్కయు పేర్కొనబడినవి. ‘పరంగి’ యనగా ఫిరంగివాడు. పోర్చుగీసులు మన పడమటి తీరమున దిగినది 1498లో. కావున ఆ మాటలు గల భాగములు పదునారవ శతాబ్దికి పూర్వపువి కానేరవు. తిరుమూలర్ రచనయైన ‘తిరుమందిరము’ వీటన్నింటికంటె చాల పాతది. అందు రసవాదము ఉపమానముగ వచ్చునే గాని ప్రయోగవిధిగ రాదు. మనకు లభించుచున్న ప్రయోగగ్రంథములలో అధికభాగము గడచిన నాలుగైదు వందల యేండ్లలో ప్రస్తుతరూపమును పొందినదని తలచుట యుక్తము.

ఈ గ్రంథములు తమ ద్రవ్యములను ‘సరక్కు’ అని పిలుచును. మన ‘సరకు’ ఇదే. ‘కడైచ్చరక్కు’ అనగా అంగడి సరకు. సంస్కృత రసశాస్త్రజ్ఞుడు మహారసములు, ఉపరసములు అని శాస్త్రమర్యాదతో విభజించుచుండగా, తమిళవాది వర్తకుని మాటను వాడుట మాకు మిక్కిలి అర్థవంతముగ తోచినది. భారతదేశమున పాదరసపు గనులు లేవనియే చెప్పవచ్చును. ఈ విద్యకు మూలాధారమైన ద్రవ్యము ఓడలపై రావలసినదే. బోగర్ చీనాదేశమునకు పోయివచ్చెనను కథయు, రామదేవర్ మక్కాకేగి యాకోబు అను పేరు వహించెనను కథయు చారిత్రకముగ ఎంతవరకు నిలుచునో గాని, సరకు వచ్చిన దిక్కులను మాత్రము అవి మరువలేదు.

సరకుల వర్గీకరణము ఇట్లుండును: లోహములు పదునొకండు, ఉప్పులు ఇరువదియైదు, పాషాణములు అరువదినాలుగు, ఉపరసములు నూట ఇరువది. సంఖ్యలు గ్రంథభేదమున కొంత మారును. ఇందు పాషాణముల విభాగము గమనింపదగినది. అరువదినాలుగింటిలో ముప్పదిరెండు ‘పిఱవి’, తక్కిన ముప్పదిరెండు ‘వైప్పు’. పిఱవి యనగా పుట్టుక, సహజముగ పుట్టినవి. వైప్పు అనగా పెట్టుట. మానవుడు చేసి పెట్టినవి. చేసినది పుట్టినదానికంటె తక్కువయని ఎచటను చెప్పబడలేదు. రసగంధకములను కల్వమున నూరినచో నల్లని కజ్జలి యగును. దానిని మూసిన పాత్రలో తీవ్రాగ్నిచే కాచినచో ఆవిరియై పైకెగసి ఎఱ్ఱని లింగముగ నిలుచును. మన ఇంగిలీకమిదియే. గనిలోని ఇంగిలీకమునకును దీనికిని నేటి రసాయనశాస్త్రము కూడ భేదము చెప్పదు; రెండును పాదరస గంధకముల సమ్మేళనమే. వైప్పును పిఱవికి సమానముగ నెంచినవారు తమ చేతిపనిని ప్రకృతికి నకలు అనుకొనలేదు. ప్రకృతి చేయు పనినే తామును చేయుచున్నామని తలచిరి.

లోహములను పంచభూతములతో ముడిపెట్టుట మరియొక విశేషము. బంగారము పృథివి, సీసము జలము, రాగి తేజస్సు, ఇనుము వాయువు, ‘నాగం’ ఆకాశము. ఇచట తెలుగు పాఠకులు ఒక ప్రమాదమును గుర్తింపవలెను. సంస్కృత వైద్యగ్రంథములయందును, వాటి ననుసరించిన మన వైద్యులయందును ‘నాగము’ అనగా సీసము. తమిళ సిద్ధవైద్యమున ‘నాగం’ అనగా తుత్తునాగము. సీసమునకు వారు ‘కారీయం’ అందురు. తమిళుల ‘నాగపఱ్పము’ను ‘నాగభస్మము’ అని అనువదించినచో తుత్తునాగమునకు బదులు సీసమును రోగి కడుపులో వేసినట్లగును. పదము ఒకటే యగుట అనువాదకునకు ఎంతటి ఉచ్చుకాగలదో తెలుపుటకు దీనిని మించిన యుదాహరణము మాకు దొరకలేదు. తక్కిన పెక్కు పేర్లు ఉభయభాషలయందును సుఖముగ కలియును: అన్నబేది మన అన్నభేది, వెంగారం మన వెలిగారము, పడికారం మన పటిక. ఈ చుట్టరికమే నాగమువద్ద మనలను ఏమరించును.

ఇక ‘కట్టు’ను గూర్చి. తెలుగున నేయి గడ్డకట్టినదందుము, పిందె కట్టినదందుము, పాముకు మంత్రగాడు కట్టు వేసెనందుము. ఈ మూడు ప్రయోగములలోని మూడు ఛాయలును తమిళ పరిభాషయందు కలిసియున్నవి: ద్రవము ఘనమగుట, రూపము నిలుకడ పొందుట, చరించుదానిని కదలకుండ నిలుపుట. అగ్ని తగిలినపుడు ఆవిరియై పోవు స్వభావము గల సరకును, అగ్నియందును పోకుండ నిలుచునట్లు చేయుట కట్టు. సంస్కృత రసతంత్రములయందు బంధనము ముఖ్యముగ పాదరసమునకు చెప్పబడినది. లోహములకు ప్రధానమైన సంస్కారము మారణము, అనగా చంపుట. తమిళ గ్రంథములు బంధనభావమును విస్తరింపజేసినవి. గంధకపు కట్టు, తాళకపు కట్టు, వీరపు కట్టు, ఉప్పుకట్టు అని ఒక్కొక్కదానికి వేర్వేరు విధులు కలవు.

కట్టు చేయు విధానమును చూచినచో వారి భావన స్పష్టమగును. తాళకపు గడ్డ నొకదానిని తీసికొని శుద్ధిచేసి, పెంకుపై నుంచి, క్రింద దీపాగ్ని నుంచుదురు. పైనుండి విధించిన మూలికారసమును బొట్టుబొట్టుగ విడుతురు. దీనికి ‘సురుక్కు’ అని పేరు. వేడికి గడ్డ పొగ విడువబోవును. అంతలో రసపు బొట్టు దానిపై పడి అణచును. ఈ వ్యవహారము జాముల తరబడి సాగవలెను. జామనగా మూడు గంటలు. అగ్నియును క్రమముగ పెరుగును: దీపాగ్ని, కమలాగ్ని, కాడాగ్ని అని మూడు మెట్లు. మొదటిదానియందు నిలిచినది రెండవదానియందు నిలుచునని నమ్మకము లేదు. పొగ పూర్తిగ మానినపుడు సరకు కట్టినదందురు.

పనియంతయు ముగిసిన తరువాత మిగులునది గడ్డయే. దానిని పొడిచేయలేదు, బూడిదచేయలేదు. ఆకారము మొదటిదే, మారినది నడవడి. ఇది భస్మసంస్కారమునకు పూర్తిగ భిన్నమైన మార్గము. భస్మమున ద్రవ్యము తన రూపమును, మెఱుపును, బరువును కోల్పోయి వేరొకటి యగును. దానిని తమిళులు ‘పఱ్పం’ అనియు, అచ్చతమిళమున ‘నీఱు’ అనియు అందురు. ఈ రెండవది మన ‘నీఱు’ శబ్దమే. పఱ్పమునకు పరీక్షలు వేరు: నీటిపై తేలవలెను, వ్రేళ్ళ గీతలలో దూరవలెను, మెఱుపుగాని రుచిగాని ఉండరాదు, మరల లోహముగ మారరాదు. కట్టునకు పరీక్ష ఒక్కటే. అగ్నిని చూచి పారిపోరాదు.

ఈ పరీక్షను మనస్సునందుంచుకొని నేడు అంగళ్ళలో అమ్మబడుచున్న ‘రసమణి’ని పరిశీలింతము. ఇనుప మూకుడులో పాదరసమును, మైలుతుత్తమును, ఉప్పును, నిమ్మరసమును చేర్చి నూరినచో కొంతసేపటికి పాదరసము వెన్నవలె ముద్దయగును. దానిని గుండ్రముగ చేసి కొన్నాళ్ళుంచినచో రాయివలె గట్టిపడును. పాదరసము కట్టినదని చూచువారు ఆశ్చర్యపడుదురు. జరిగిన దేమనగా, మూకుడులోని ఇనుము మైలుతుత్తమునందలి రాగిని విడిపించును. ఆ రాగి పాదరసముతో కలిసి మిశ్రలోహమగును. మూకుడు ఇనుపదే కావలెనని చెప్పుటకు కారణమిదియే. ప్రయోగకర్తలకు రాగి విడివడుట తెలియకపోవచ్చును గాని పాత్ర ఏదైనను ఒకటే యని వారెన్నడును అనుకొనలేదు. అయితే ఈ మణిని కాచినచో పాదరసము ఆవిరియై పోవును, రాగి మిగులును. అనగా సిద్ధగ్రంథముల కొలతబద్దచేతనే ఇది కట్టు కాదు. ఆధునిక శాస్త్రమును పిలువనక్కరలేదు. అగస్త్యుని పేర వెలసిన విధులే అంగడి మణిని త్రోసిపుచ్చును. పాదరసము 357 డిగ్రీల వద్ద మరుగును. ఏ మూలికారసమును ఆ సంఖ్యను మార్పజాలదు. నిజముగ అగ్నికి నిలుకడ పెరిగినచోట వేరొక ద్రవ్యముతో సమ్మేళనమైనదని గ్రహింపవలెను.

పళని కొండపై దండాయుధపాణి మూర్తిని బోగర్ తొమ్మిది పాషాణములను కట్టి చేసెనని ఐతిహ్యము. ఆ తొమ్మిది యేవో చెప్పు పట్టికలు ఒకదానితో నొకటి సరిపోలవు గనుక ఆ మూర్తి రసాయనతత్త్వమును గూర్చి మేమేమియు చెప్పబూనము. ఆ కథ యొక్క నిర్మాణము మాత్రము మా విషయమునకు చాల ఉపకరించును. తొమ్మిదియు విషములు. విడివిడిగ ప్రాణము తీయగలవు. కట్టినపుడు అవి దేవుని దేహమైనవి. ఆ దేహమునకు అభిషేకించిన ద్రవ్యము భక్తులకు మందైనది. విషమును తీసివేయుట ఇందు లేదు. విషము తన స్థానమున నిలిచినదనుటయే ఇందలి భావము.

సరకుల నడుమ మైత్రీవైరములను చెప్పుట ఈ వాఙ్మయమున మరియొక ముఖ్యాంశము. ‘నట్పు’ అనగా స్నేహము. ‘పగై’ అనగా మన పగయే. కొన్ని సరకులు ఆణు, కొన్ని పెణ్ణు. దీనిని కేవలము కవిసమయముగ కొట్టివేయరాదు. ఏ సరకుతో దేనిని కలిపిన కట్టును, దేనిని కలిపిన చెడును అనునది అనుభవముచే తెలిసికొనిన విషయము. చుట్టరికపు మాటలు దానిని జ్ఞాపకముంచుకొనుటకు పనికివచ్చిన భాష. మూలకములు, సమ్మేళనములు అను భావన లేనిచోట ద్రవ్యమునకు స్వంతమైన గుర్తింపు దాని సంబంధములనుండియే రావలెను.

అగ్నికి కొలత పిడకలు. పుటములకు పక్షుల, జంతువుల పేర్లు పెట్టిరి. కాడైపుటమనగా కాడెపిట్ట పుటము, ఒక పిడక; కౌదారిపుటము, కౌజుపిట్టది, మూడు; కుక్కుటపుటము పది; వరాహపుటము ఏబది; గజపుటము వేయి. ఉష్ణమాపకములు లేని దినములలో ఒకే ఫలితమును మరల మరల పొందుటకు ఇంతకంటె మంచి సాధనమును ఊహించుట కష్టము. పిడక పరిమాణము మాత్రము గురువు చేతిలో నుండిపోయినది.

పఱ్పము పైమెట్టు ‘సుణ్ణం’. తెలుగు సున్నమును ఇదియు ఒకే ‘చూర్ణ’ శబ్దమునుండి పుట్టినవి. దీనికి చెప్పబడిన పరీక్ష మన ఇండ్లలోని స్త్రీలందరికిని తెలిసినదే: పసుపుతో కలిపినచో ఎఱ్ఱబడవలెను. పెండ్లిలో పారాణి కలిపినట్లును, హారతికి ఎఱ్ఱనీళ్ళు తయారుచేసినట్లును వాది తన సుణ్ణమును పరీక్షించును. క్షారగుణమును పసుపుచే గుర్తించుట నేటి పాఠశాలలలో కూడ చేయించుచున్న ప్రయోగమే. ఇచట వారు ద్రవ్యమును దాని మూలముచే గాక అది చేయు పనిచే నిర్వచించుట స్పష్టము. రాగినుండి వచ్చినను, అభ్రకమునుండి వచ్చినను, గుడ్డుపెంకునుండి వచ్చినను, పసుపును ఎఱ్ఱజేసినచో అది సుణ్ణము.

ఇదే దృష్టితో చూచినచో ‘ముప్పు’ అను ప్రసిద్ధ రహస్యము కొంత విడివడును. తమిళమున ఇది మూడు ఉప్పులని విరువబడును. ఆదియైన ఉప్పు అని మరికొందరు విరుతురు. మన ‘ముప్పు’తో దీనికి సంబంధము లేదు. పూనీరు, కల్లుప్పు, అండక్కల్ అను మూడింటి కూడిక యని ఒక సంప్రదాయము. పూనీరు చౌడుభూములపై పూచు క్షారము. దానిని ఎండకాలమున, వెన్నెల రాత్రులయందు, తెల్లవారకముందే సేకరింపవలెనని విధి. మంచునకు చెమ్మగిలి రాత్రి పైకి పూచిన క్షారము పగటి గాలికి చెదరిపోవును గనుక ఈ విధియందు పరిశీలన లేకపోలేదు. అయితే వేర్వేరు గ్రంథములు ముప్పునకు వేర్వేరు ద్రవ్యములను చెప్పును. కొన్ని దేహమునుండియే తీయుమనును. కొన్ని సూర్యచంద్రాగ్నులని యోగార్థము చెప్పి ఊరకుండును. అసలు ముప్పు ఏదియని వెదకి జీవితములు వ్యర్థపుచ్చుకొనినవారు కలరు. మా యభిప్రాయమున ముప్పు ఒక ద్రవ్యము పేరుకంటె ఒక పదవి పేరు. ఇతర సరకులను సుణ్ణముగ మార్చి, కట్టి, మందునకు బలమునిచ్చునదేదో దానికి ఆ పేరు. దళవాయి యెవడని యడిగినచో కాలమునుబట్టి సమాధానము మారినట్లే ఇదియును. ఇట్లు గ్రహించినచో గ్రంథముల పరస్పరవిరోధము చాలవరకు తొలగును.

రహస్యభాషను గూర్చి ఒక మాట. ఈ గ్రంథములు పరిభాషను తామే పెంచి, దాని కొరకు నిఘంటువులను కూడ తామే కూర్చినవి; బోగర్ పేర ఒక నిఘంటువు కలదు. ‘అముఱి’ అను మాట ఒకచోట మూత్రము, మరియొకచోట అమృతము. దాచుటకే ఇట్లు వ్రాసిరనుట కొంతవరకు నిజము. కాని ద్రవ్యమునకు స్థిరమైన సారముండునని నమ్మని విద్యయందు పేరు మాత్రము ఎట్లు స్థిరముగ నుండగలదు?

బంగారము సంగతి ఇంతవరకు రాలేదని పాఠకులు తలచవచ్చును. ఈ గ్రంథములయందు కూడ అది చివరనే వచ్చును. ఒకటి నూటిని, ఒకటి వేయింటిని వేధించునని సంఖ్యలు చెప్పుదురు. వచ్చిన బంగారము ‘మాఱ్ఱు’ ఎంతయో, అనగా మనము ‘వన్నె’ అనునది ఎంతయో చెప్పుదురు. తుత్తునాగపు ఖనిజముతో రాగి పసుపుపచ్చనగుట, పాషాణముతో తెల్లనగుట వారికి తెలియును. స్వర్ణసిద్ధులని చెప్పబడినవానిలో పెక్కు ఇట్టి రంగు మార్పులే యనుటకు సందేహము లేదు. అయినను వారి లెక్కలో లోహముపై చేసిన ప్రయోగము మందునకు పరీక్ష. రాగిని నిలుకడ గల లోహముగ మార్చగలిగినది దేహమును కూడ మార్చగలదని వాదము. ఈ వరుస తప్పినవారిని సిద్ధసంప్రదాయమువారే నిందించిరి. పదునెనిమిదవ శతాబ్దివాడైన తాయుమానవర్ కుబేరునివంటి ధనికుడు కూడ రసవాదము కొరకు తిరుగాడునని ఆశకు అంతులేమిని గూర్చిన పద్యమున ఎత్తిపొడిచెను.

దేహమును గూర్చిన భావన తిరుమందిరమున ఒక కుమ్మరి ఉపమానముగ కనబడును. మట్టి ఒకటే, కుండలు రెండు విధములు. అగ్నిలో కాలినది నిలుచును. కాలనిది వాన పడినంతనే మరల మట్టియగును. అచట అది దేహపు అస్థిరత్వమును చెప్పు సందర్భము. తరువాతి వాదగ్రంథములు ఆ ఉపమానమునందలి మొదటి కుండను పట్టుకొనినవి. కాలినచో నిలుచునన్నమాట గదా! తాళకపు గడ్డ తన రూపు చెడకుండ అగ్నికి నిలిచినట్లు, యోగి దేహము తన రూపు చెడకుండ కాలమునకు నిలువవలెను. భస్మమార్గమే ఆదర్శమైనచో దేహత్యాగమే ఫలముగ చెప్పవలసివచ్చును. కట్టు ఆదర్శమైనందుననే ఈ దేహముతోడనే సిద్ధి అను సిద్ధాంతము ఈ వాఙ్మయమున ఇంత బలముగ నిలిచినదని మేము తలచుచున్నాము. కాయసిద్ధి యోగమునుండి పొయ్యివద్దకు వచ్చినదా, పొయ్యివద్దనుండి యోగమునకు పోయినదా యను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. కాని ‘కట్టు’ అను మాట మొదట చేతులు కాల్చుకొనినవారి మాట యనుట తథ్యము.

ఔషధరూపములకు చెప్పబడిన ఆయుఃప్రమాణముల పట్టిక ఈ భావనకు లెక్కలలో వ్రాసిన వ్యాఖ్యానము. లోపలికీయు మందులు ముప్పదిరెండు విధములు. ఆకుపసరు, కషాయము ఒక జాము నిలుచును, చూర్ణము మూడు నెలలు, మెళుగు అయిదేండ్లు, సిందూరము డెబ్బదియైదేండ్లు, పఱ్పము నూరేండ్లు, సుణ్ణము అయిదువందల యేండ్లు. అగ్నిని ఎంత యెక్కువగ చూచినదో అంత యెక్కువకాలము బ్రతుకును. మనుష్యుని నూరేండ్లు ఈ వరుసలో పఱ్పముకడ నిలుచుట యాదృచ్ఛికమో కాదో గాని, దానిపై మెట్టును కోరువాడే కల్పమును సేవించును.

ఈ చర్చ గ్రంథాలయములకు మాత్రమే పరిమితమైనది కాదు. సిద్ధవైద్యము నేటికిని జీవించియున్న వైద్యము. 1945 నాటి ఔషధ నియమములకు చేర్చబడిన ‘ఇ-1’ షెడ్యూలునందు సిద్ధవైద్యపు విషద్రవ్యముల పట్టిక కలదు. తాళకము, లింగము, వీరము వంటివి అందున్నవి. వాటిని గల మందులు వైద్యుని పర్యవేక్షణలో వాడవలెనని సీసాపై వ్రాయుట విధి. శుద్ధి చేసినంతమాత్రమున పాదరసము పాదరసము కాకుండ పోదు. గంధకమును నేతిలో కరగించి పాలలో పోయుట దానిని శుభ్రపరచును, కాని పాషాణమునకు అట్టి విధి చేసినంతనే విషము పోవునను నమ్మిక కొన్ని కుటుంబములకు చేటు తెచ్చినది. గ్రంథకర్తలు ‘కట్టినది’ అన్నపుడు పరీక్షకు నిలిచినదని అర్థము. ‘శుద్ధిచేసినది’ అన్నపుడు పని మొదలైనదని అర్థము. ఈ రెంటిని ఒకటిగ చదువు సంపాదకులును వ్యాఖ్యాతలును కలరు. కంఠస్థము చేసిన శిష్యునకు ఈ భేదము పొయ్యివద్ద తెలిసెడిది. అచ్చుపుస్తకము చదివినవానికి తెలియదు. కావున ఇట్టి గ్రంథములను పరిష్కరించువారు ఛందోవ్యాకరణములతోపాటు ఒక్కొక్క సరకు పేరు క్రింద అది సంస్కారమున ఏ దశయందున్నదో గుర్తించుట అవసరము.

తెలుగుదేశమున రసవాదమునకు శ్రీశైలము కేంద్రమని సంస్కృత రసతంత్రములే చెప్పుచున్నవి. నిత్యనాథుని రసరత్నాకరమున శ్రీశైలమునందలి సిద్ధస్థలముల వర్ణనము కలదు. పదునేనవ శతాబ్దివాడైన గౌరన తన నవనాథచరిత్రమున ఆ కొండను బంగారుకొండగ చేయబూనిన నాగార్జునుని కథ చెప్పెను. వేమన జీవితకథలలో స్వర్ణవిద్య తప్పక వచ్చును. ‘పరుసవేది’ అను మాట మన సామెతలవరకు వ్యాపించినది. తమిళమున దీనికి జోడైన ‘పరిసవేది’ని తిరుమూలర్ గురుస్పర్శకు ఉపమానము చేసెను. కాని తెలుగు కావ్యములలో ఈ విద్య కథావస్తువుగ, ప్రలోభముగ, పరీక్షగ వచ్చునే గాని, పిడకల లెక్కతో, జాముల లెక్కతో తమిళమునందువలె విరుత్తముల వేలసంఖ్యలో రాలేదు. మన వైద్యులు ఆ పనికి సంస్కృతమునే ఆశ్రయించిరి. కట్టు అను భావన మన వైద్యుల వ్యవహారమున, ముఖ్యముగ తమిళసీమకు పొరుగున నున్న చిత్తూరు, నెల్లూరు ప్రాంతముల చేతివ్రాత యోగములలో, ఎట్లున్నదో విచారించుట వేరొక వ్యాసమునకు తగిన విషయము. విస్తరభీతిచే ఇచట దానిని చేపట్టలేదు.